హాస్య కళాకారుడి ట్రంకు పెట్టెలు: ముందు ఏది ముట్టుకోవాలి?

ప్రశ్న: హన్మకొండ, కాజీపేట స్టేజీల మీద ఏండ్ల తరబడి నవ్వించి, చివరికి తాగుడుతో, దిగులుతో పోయిన ఒక కళాకారుడి జీవితం రాయాలి. ఇంటివాళ్లు ఇచ్చినవి రెండు ట్రంకు పెట్టెలు. 60 దాకా క్యాసెట్లు, తేదీల్లేని నోట్‌బుక్కులు, ఉత్తరాలు, ఆస్పత్రి చీటీలు ఉన్నాయి. కొన్ని క్యాసెట్లకు తెల్ల బూజు పట్టింది. ఎట్లా మొదలుపెట్టాలి?

జవాబు 1: బూజు పట్టినవాటిని ఇప్పుడే వేరే కవర్లో పెట్టండి, ప్లేయర్‌లో వేయొద్దు. ప్లేయర్‌లో టేపును చదివే భాగానికి, అంటే హెడ్‌కు, అంటుకుని మంచి టేపులకూ పాకుతుంది. వాటిని ముట్టుకునేటప్పుడు మాస్కు తప్పనిసరి.

మిగతావాటికి పైఅంచున ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలు విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, అప్పుడు వినండి. గొంతు మూసుకుపోయినట్టు వినిపిస్తే టేపు వెనక చిన్న స్పాంజి ఊడిందేమో చూడండి. ఊడితే టేపును స్క్రూలున్న ఇంకో క్యాసెట్ డబ్బాలోకి (షెల్‌లోకి) మార్చాలి. స్పాంజి బాగానే ఉంటే హెడ్ పక్క స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ 'స' అక్షరం తేటగా వినిపించేచోట ఆపండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, వేవ్ (WAV) ఫైలు చాలు. స్టీరియోలో గంటకు సుమారు 1 జీబీ. రికార్డింగ్ లెవెల్ (శబ్దం ఎంత గట్టిగా ఎక్కాలో) ఆయన మాటను బట్టి పెట్టకండి, చప్పట్లను బట్టి పెట్టండి. ఎంత పెద్ద నవ్వయినా మీటరు మీద మైనస్ 6 డీబీ దాటకూడదు. నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్ అసలు ఫైలు మీద వాడొద్దు, జనం నవ్వును కూడా రొద అనుకుని కోసేస్తుంది. ఒకే ఐటమ్‌కు (స్టేజి మీద చేసే హాస్య ముక్కకు) ఏ ఊళ్లో ఎక్కడ నవ్వారో, ఆయన ఎంతసేపు ఆగారో, మీ పుస్తకానికి అదే ప్రాణం.

జవాబు 2: కాగితాలు సర్దే ముందు పెట్టె ఎట్లున్నదో అట్లనే ఫొటో తీయండి. మందుల చీటీ ఏ పేజీల మధ్య దొరికిందో ఆ పేజీ నంబరు రాసుకోండి, మెత్తటి పెన్సిల్‌తో మాత్రమే. లామినేషన్, సెలోటేప్ వద్దు. తుప్పు పిన్నులు మెల్లగా తీయండి.

తేదీలకు దారులున్నాయి. కవరు మీద పిన్‌కోడ్ ఉంటే ఆ ఉత్తరం 1972 ఆగస్టు 15 తర్వాతిది. ఉగాది ప్రోగ్రాం పాంప్లెట్ మీద 'ప్రభవ' అని ఉంటే 1987, 'శుక్ల' అంటే 1989.

జవాబు 3: ఉత్తరం కాగితం ఇంటివాళ్లదే, కాపీరైటు మాత్రం రాసినవాళ్లది. వాళ్లు బతికుండగా అచ్చుకాని ఉత్తరమైతే, మొదటిసారి అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏండ్లు ఉంటుంది. ఆస్పత్రి కాగితాలు వాడే ముందు ఇంటివాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు: అందరికీ ధన్యవాదాలు. ఒక పేజీలో 'నా సావుకు టికెట్ పెడితే హౌస్‌ఫుల్లే' అని ఉంది. నిజంగా బాధతో రాసిందా, ఐటమా?

జవాబు 2: ఆ వాక్యం ఇంకా ఎన్ని పేజీల్లో ఉందో వెతకండి. 'టికెట్' కొట్టేసి 'పాసు' అని మార్చినా, మాట మధ్య ఆగడానికి గీతలు పెట్టినా అది ఐటమ్‌కు చేసిన కసరత్తు. క్యాసెట్లలో దొరికితే నవ్వు ఎక్కడ పడిందో చూడండి. అంతమాత్రాన బాధ లేదని కాదు. ఆ రోజులదే ఆస్పత్రి చీటీ ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి రాయండి. ఏది దేనికి కారణమో కాగితం చెప్పనిది మీరు చెప్పొద్దు.