సాగదీయని సిరీస్‌లు ఉంటే చెప్పండి

ఈమధ్య ఏ సిరీస్ మొదలుపెట్టినా మూడో ఎపిసోడ్‌కల్లా ఓపిక అయిపోతోంది. రెండు గంటల సినిమాకు సరిపోయే కథను ఎనిమిది ఎపిసోడ్లు లాగుతున్నారు. హీరో కారు దిగి, తలుపు వేసి, మెట్లెక్కి, కిటికీలోంచి చూస్తూ నిలబడతాడు. కథ మాత్రం అంగుళం కదలదు. మనకు ముందే తెలిసిన విషయాన్ని ఇంకో పాత్రకు మళ్లీ మొదట్నుంచి చెప్తారు, అదింకా చిరాకు.

నెమ్మదిగా నడిచే కథలంటే పడదని కాదు. 1957లో వచ్చిన ‘12 యాంగ్రీ మెన్’ 96 నిమిషాలూ దాదాపు ఒకే గదిలో మాటలతోనే నడుస్తుంది, ఎక్కడా బోర్ కొట్టదు.

ఆరు ఎపిసోడ్లలోపు ముగిసే మంచి థ్రిల్లర్లు తెలిస్తే చెప్పండి, ఏ భాషైనా సరే. సాగదీత ఉందో లేదో మొదటి ఎపిసోడ్‌లోనే మీరెలా పసిగడతారు? స్పీడ్ పెంచి చూడమని మాత్రం అనకండి, డైలాగులు పాడవుతున్నాయి.