అరిగిన పొట్టి శిలువ పెన్నీకి రాజు పేరు రాయవచ్చా?

గట్టుమీదగవ్వ: ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో యజమాని అనుమతితో వెతుకుతున్న పొలంలో నాకొక వెండి పెన్నీ దొరికింది. అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు, తూకం 1.21 గ్రాములు. వెనుకవైపు పొట్టి శిలువ పక్కన ‘ఆన్ లున్’ అన్న అక్షరాలు మిగిలాయి కనుక ఇది లండన్ టంకశాలది. అక్కడ నాణేలు ముద్రించే బాధ్యత చూసినవాడి పేరు అరిగిపోయింది. ముందువైపు ‘హెన్రికస్’లోని (హెన్రీ పేరుకు లాటిన్ రూపం) ఎస్ తిరగబడి ఉంది. అది 1205లో జాన్ రాజు జరిపించిన పునర్ముద్రణ (పాత నాణేల స్థానంలో కొత్తవి కొట్టించడం) నాటి గుర్తు. నాణేల నిపుణులు ఈ పెన్నీలను విభజించిన తరగతుల్లో అయిదోదాని తొలి నాణేలవి. దీన్ని జాన్ నాణెంగానే నమోదు చేయాలని నా వాదన.

పాతలిపి: రెండవ హెన్రీ 1180లో మొదలుపెట్టిన ఈ నమూనా మీద రిచర్డ్, జాన్‌ల కాలంలోనూ, ఆపై మూడవ హెన్రీ కాలంలో 1247 వరకూ ‘హెన్రికస్’ అన్న పేరే కొనసాగింది. అందువల్ల మీ వాదన మొత్తం ఒక్క ఎస్ మీద నిలబడింది. ఫొటోలో వెలుతురు ఒకవైపు నుంచే పడడంతో ఆ అక్షరం పైభాగం వంపో, గీతో తేలడం లేదు. ‘1180–1247’ అని రాసి, మీ అనుమానాన్ని వివరణలో చేర్చండి.

వెండిగీత: నాణేన్ని రుద్ది శుభ్రం చేశారా?

గట్టుమీదగవ్వ: నీటితో తప్ప దేనితోనూ కడగలేదు. పాతలిపి గారూ, భూతద్దంలో ఆ వంపు నాకు స్పష్టంగా కనిపిస్తోంది. నిరుడు నేను తెచ్చిన మరో పెన్నీకి కూడా ఇలాగే అరవై ఏడేళ్ల వ్యవధి రాసి పంపించారు.

పాతలిపి: వ్యవధి రాయడం నాణేన్ని చిన్నచూపు చూడడం కాదు. ఒకప్పుడు నా నాణేనికి తొందరపడి జాన్ పేరు రాశారు. దాన్ని నమ్మి నేను పదిమందిలో మాట్లాడిన తరువాత, అది ఏడో తరగతిదని, అంటే మూడవ హెన్రీ నాటిదని తేలింది. ఆ తలవంపు నాకింకా గుర్తుంది.

గట్టుమీదగవ్వ: మీ తలవంపుకూ నా ఎస్‌కూ సంబంధం లేదు.

పాతలిపి: రాజు పేరు కోసం నాలుగు రోజులుగా పట్టుబడుతున్న మీరు, జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేసే పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అధికారికి ఊరి పేరు తప్ప మరేమీ ఇవ్వనన్నారని మరో చర్చలో చదివాను. ఎస్ ఎటు తిరిగినా నాణెం మన చేతిలోనే ఉంటుంది, రేపైనా చూసుకోవచ్చు. అది దొరికిన చోటు పోతే ఎవరూ తిరిగి రాబట్టలేరు.

గట్టుమీదగవ్వ: రెండేళ్ల క్రితం ఒక పొలం సంగతి బయటికి పొక్కగానే, రాత్రివేళ ఎవరో వచ్చి గుంతలు తవ్విపోయారు. ఆ రైతు ఆనాటి నుంచి నన్ను గేటు దాటనివ్వలేదు. విడి నాణెం ఒక్కటి దొరికితే దొరికిన నిధిని తప్పక తెలపాలనే 1996 నాటి నిధుల చట్టం కిందికి సాధారణంగా రాదు కనుక, చెప్పడం నా ఇష్టం.

వెండిగీత: అధికారికి పటం మీద చోటును సూచించే ఎనిమిది అంకెల గ్రిడ్ సంఖ్య ఇచ్చినా, అంటే పది మీటర్ల వరకూ చెప్పినా, అందరికీ చూపేది స్థూలమైన చోటు మాత్రమే.

పాతలిపి: రైతు సంగతి నాకు తెలియదు. మాట తూలినందుకు మన్నించండి. ఆయన్ను అడిగి, ఆయన ఒప్పుకుంటేనే ఇవ్వండి.

గట్టుమీదగవ్వ: శనివారం అడుగుతాను. ఆయన సరేనంటే ఎనిమిది అంకెలూ ఇస్తాను, నాలుగు వైపుల వెలుతురుతో కొత్త ఫొటోలూ పెడతాను. ఎస్ మాత్రం తిరగబడే ఉంది.