ఐదు నిమిషాల్లో క్లయింట్ కాల్: ఫౌండేషన్ పెట్టాలా, వెలుతురు సరిచేసుకుంటే చాలా?

మడికొండ షిఫ్టు:
తొమ్మిదిన్నరకు కాల్. తొమ్మిది ఇరవై ఐదుకు "కెమెరాలు ఆన్ చెయ్యండి" అని మెసేజ్. ఉన్న ఐదు నిమిషాల్లో ఫౌండేషన్ (మొహమంతా ఒకే రంగులో కనిపించేలా రాసే క్రీము) పెట్టుకోవాలా వద్దా అన్నదే వాదన.

నా మాట: వద్దు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఉండేది 720పి కెమెరా. మొత్తం బొమ్మకు 9 లక్షల 21 వేల చుక్కలు (పిక్సెళ్లు), అందులో మొహం వాటాకు వచ్చేది కొద్దిపాటే. పైగా కాల్ సాఫ్ట్‌వేర్ వీడియోను కుదించి పంపుతుంది. వెలుగునీడల వివరం ఉంచినంతగా రంగు వివరం ఉంచదు, నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు పంపుతుంది. బుగ్గ మీద నువ్వుగింజంత మచ్చ అవతలివాళ్లకు చేరనే చేరదు. చేరేవి మూడు: కళ్ల కింది నలుపు, పాలిపోయిన పెదవులు, మెరిసే నుదురు. ఐదు నిమిషాలూ వీటికే పోవాలి.

పెండ్లి మేకప్, హన్మకొండ:
సగం ఒప్పుకుంట. నువ్వుగింజ మచ్చ కనబడదు, నిజమే. మరి మంగు సంగతేంది? రెండు బుగ్గల మీద పరుచుకున్న మంగు 720ల కూడ మంచిగనే కనబడ్తది. దాని మీద కన్సీలర్ (మచ్చలు దాచే చిక్కటి క్రీము) చుక్కలు పెడితే ఇంకా ఖరాబైతది, పెట్టిన చోట ఒక రంగు, పక్కన ఇంకో రంగు. మంగు ఉన్నోళ్లకు పల్చటి బేస్ ఉండాల్సిందే.

బేస్ అంటే పెండ్లికి పెట్టినట్టు కాదు. శనగగింజంత ఫౌండేషన్, మొత్తం మొహానికి అంతే. స్పాంజిని నీళ్లల్ల ముంచి గట్టిగ పిండాలె. ముక్కు పక్కల మొదలుపెట్టి బయటికి అద్దుకుంట పోవాలె. చెవుల దిక్కు, దవడ అంచుకు స్పాంజి మీద మిగిలిందే చాలు. అక్కడ కొత్తగ వేస్తే మెడ ఒక రంగు, మొహం ఒక రంగు అయితది. రుద్దొద్దు. మాయిశ్చరైజర్ రాసిన వెంటనే రుద్దితే కింది పొర ఆరకముందే లేచి, ఉండలు కట్టి రాలుతది. రెండు నిమిషాలు ఆగాలె, ఆ టైముల కనుబొమ్మలు దిద్దుకోవచ్చు.

షేడ్ చూసుడు మణికట్టు మీద కాదు, దవడ మీద. చౌరస్తా ఫ్యాన్సీ షాపుల ట్యూబ్‌లైట్ కింద చూసి కొనొద్దు. దవడకు రాసుకొని బయటికి వచ్చి, పావుగంట ఆగి, ఎండ వెలుతురుల అద్దం చూడాలె. కొన్ని ఫౌండేషన్లు గాలి తగిలినంక ముదురుతయి, మొదట సరిపోయిన షేడ్ అప్పుడు మట్టిరంగు కొడతది.

కాజీపేట లైట్లు:
మంగు గురించి అక్క చెప్పింది సరైనదే, దాన్ని లైటు పోగొట్టదు. కానీ కళ్ల కింద మీరు నలుపు అనుకునే దానిలో చాలావరకు నీడే. మన ఇళ్లల్లో ట్యూబ్‌లైట్ గోడకు ఎత్తున ఉంటుంది, వెలుతురు పై నుంచి పడి కనుబొమ్మ ఎముక నీడ కంటి గుంటలో కూర్చుంటుంది. పరీక్ష చేసుకోండి: చేతిలో అద్దం పట్టుకుని కిటికీకి ఎదురుగా నిలబడి గడ్డం కాస్త పైకెత్తండి. నలుపు తగ్గితే అది నీడ, కన్సీలర్ పని కాదు. అలాగే ఉంటే అది చర్మం రంగు, అప్పుడు డబ్బా తీయండి.

కిటికీ మీ వీపు వెనక ఉంటే ఏ మేకప్ అయినా వృథా. కెమెరా మొత్తం బొమ్మ వెలుగును సగటు చూసుకుని ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, మొహం నల్లబడుతుంది. ల్యాప్‌టాప్ వీపు కిటికీ వైపు, మీ మొహం కిటికీ వైపు ఉండాలి. ఎండ నేరుగా పడితే తెల్ల ధోతి ఒక పొర అడ్డం కట్టండి, వెలుతురు మెత్తబడుతుంది. రాత్రి షిఫ్టుకి 9 వాట్ల ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంపును ఎదుటి గోడకు తిప్పి, గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురులో కూర్చోండి. గోడ తెల్లదైతేనే. ఆకుపచ్చ గోడైతే మొహానికీ ఆకుపచ్చ వస్తుంది.

ఇక రెండు రకాల లైట్లు కలపొద్దు. ఒక పక్క 6500 కెల్విన్ తెల్ల ట్యూబు, ఇంకో పక్క 3000 కెల్విన్ పసుపు బల్బు ఉంటే కెమెరా ఒకదానికే సర్దుకుంటుంది, రెండో చెంప నీలంగానో నారింజగానో మిగులుతుంది. మొహం మీదుగా చారలు కదులుతుంటే కెమెరా సెట్టింగుల్లో ఫ్లికర్‌ను 50 హెర్ట్జ్‌కి మార్చండి, మన కరెంటు 50, కొన్ని కెమెరాలు 60 మీద ఉంటాయి. అన్నిటికంటే ముందు లెన్సు తుడవండి. మూత తెరిచేటప్పుడు వేలి జిడ్డు అంటుకుంటుంది, మొహం పొగమంచులో ఉన్నట్టు కనిపించడానికి చాలాసార్లు అదే కారణం.

జగిత్యాల చెల్లె:
అక్కా, రెండు డౌట్లు. సన్‌స్క్రీన్ ఉంటే కెమెరాలో మొహం తెల్లగ పేలుతదంటరు, కాల్ ముందు కడిగెయ్యాల్నా? కన్సీలర్ పెట్టినంక కళ్ల కింద బూడిద పూసినట్టు ఎందుకైతది?

పెండ్లి మేకప్, హన్మకొండ:
చెల్లె, కడగొద్దు. ఆ తెల్లగ పేలుడు ఫ్లాష్ ఫొటోలది. ఫ్లాష్ వెలుగు జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్, సిలికా పౌడర్ మీద పడి తిరిగొస్తది. వీడియో కాల్‌ల ఫ్లాష్ లేదు. కని జింక్ ఎక్కువున్న సన్‌స్క్రీన్ చామనఛాయ మీద మామూలు వెలుతురుల కూడ బూడిదగ కనబడ్తది, అది వేరే సంగతి. అట్లయితే రంగు కలిపిన సన్‌స్క్రీన్ తీసుకో, అదే బేస్ లెక్క పనిచేస్తది.

రెండోది. కళ్ల కింద నలుపుల నీలం, గోధుమ కలిసి ఉంటయి. దాని మీద నేరుగ లేత రంగు వేస్తే రెండూ కలిసి బూడిదైతది. ముందు నారింజ కరెక్టర్ (నలుపును విరిచే రంగు క్రీము), ఛాయ తేటగుంటే పీచ్ పండు రంగుది. రెండు కళ్లకు కలిపి బియ్యపుగింజంత. కంటి కింద మొత్తం కాదు, నలుపు ఉన్న వంపు మీదనే, ముఖ్యంగ ముక్కు దిక్కు మూలన. ఉంగరం వేలితోని పదిసార్లు అద్దు, అరనిమిషం ఆగు. ఆ మీద కన్సీలర్ అంతే బియ్యపుగింజ, నీ ఛాయే. నీ ఛాయకంటె రెండు షేడ్లు లేతది పెడితే కెమెరా చీకట్ల వెలుగు పెంచినప్పుడు కళ్ల చుట్టూ తెల్ల చక్రాలు తేల్తయి. నారింజ బయటికి కనబడ్తుందంటే నువ్వు ఎక్కువ పెట్టినవ్.

కాటుక కింది రెప్పకు వద్దు. ఎండకాలం గంటల కిందికి కారి, పెట్టిన కన్సీలర్ అంతా దండుగైతది. పై రెప్ప వెంట్రుకల మొదట్ల సన్నగ రాయి. కెమెరాకు కన్ను తెరుచుకున్నట్టు కనబడేది ఆ గీతతోనే.

నిజామాబాద్ సిస్టమ్స్:
ఇంత కష్టం దేనికండీ? జూమ్‌లో వీడియో సెట్టింగుల్లో మొహం నునుపు చేసే స్లైడర్ ఉంది. గూగుల్ మీట్‌లో 2023 నుంచి పోర్ట్రెయిట్ టచప్ ఉంది, టీమ్స్‌లో అదే ఏడాది మేబెలిన్ కంపెనీ లుక్‌లు, అంటే తెర మీదే మేకప్ వేసే ఫిల్టర్లు, పన్నెండు వచ్చాయి. ఒక్క నొక్కుతో అయిపోయే పని.

మడికొండ షిఫ్టు:
అన్నా, స్లైడర్ చేసేది చర్మాన్ని మసక చెయ్యడం. నీడను తీయదు, నుదుటి మెరుపును తీయదు. సగం దాటి జరిపితే కనుబొమ్మలు, ముక్కు అంచు కూడా కరిగి మైనం బొమ్మలా అవుతుంది. టీమ్స్ లుక్‌లను కంపెనీ ఐటీ వాళ్లు ఆపేసి ఉంటే అసలు రావు. చెయ్యి మొహానికి అడ్డం వచ్చిన క్షణం ఆ ఫిల్టర్ లిప్‌స్టిక్ పెదవి మీంచి జారి వేలి మీద కనబడుతుంది, స్క్రీన్ మీద అంకెలు వివరిస్తూ చెయ్యి ఊపేవాళ్లకు అది నప్పదు. పాత ల్యాప్‌టాప్ అయితే ఈ భారానికి దాని ఫ్యాన్ మోత మైకులో కూడా పడుతుంది. స్లైడర్ పావు వంతు ఉంచుకోవడానికి అభ్యంతరం లేదు, అంతే.

అక్క మాటతో నా మాట కొంత మార్చుకుంటున్నాను: మంగు ఉంటే పల్చటి బేస్, లేకుంటే వద్దు. కానీ మిగిలే టైమంతా పెదవులకే. వెలుతురు తక్కువైతే కెమెరాలో రంగులు పాలిపోతాయి. అద్దంలో బాగున్న లేత గోధుమ లిప్‌స్టిక్ తెర మీద జ్వరం వచ్చినట్టు చూపిస్తుంది. మీ పెదవి రంగు కంటే ఒక మెట్టు ముదురు, ఇటుకెరుపో గులాబీ మెరూనో, వేలితో అద్ది, టిష్యూతో ఒత్తి, మళ్లీ అద్దండి. మెరిసే లిప్ గ్లాస్ వద్దు, కదిలినప్పుడల్లా తళుక్కుమంటుంది. అదే లిప్‌స్టిక్ చెంప ఎముక మీద రెండేసి చుక్కలు, అద్దంలో కాస్త ఎక్కువే అనిపించేటంత. పౌడర్ వేయకముందే అద్దాలి. పౌడర్ మీద పెడితే జిడ్డు రంగు పొడిని పట్టుకుని మచ్చలు కడుతుంది.

రామప్ప దారి:
ఆడపిల్లలకే ఈ చర్చ ఎందుకో చెప్పండి. కాల్‌లో ఉన్న మగవాళ్ల నుదుళ్లు కూడా అద్దాల్లా మెరుస్తుంటాయి, వాళ్లనెవరూ అడగరు. కెమెరా ఆన్ చెయ్యమనడం ఆఫీసు హక్కు కావచ్చు, పెదవి రంగు మాత్రం ఎవరిష్టం వాళ్లది. ఇక్కడ చెప్పిన లైటు, లెన్సు, జిడ్డు తీయడం అందరికీ వర్తిస్తాయని రాస్తే బాగుంటుంది.

కాజీపేట లైట్లు:
వర్తిస్తాయి. ల్యాప్‌టాప్ కింద నాలుగైదు అంగుళాలు పుస్తకాలు పెట్టి కెమెరాను కంటి ఎత్తుకు తేవడం కూడా. కింది నుంచి చూస్తే ముక్కు రంధ్రాలు, గడ్డం కిందే ముందు కనిపిస్తాయి. కళ్లజోడులో లైటు మెరిస్తే లైటును ఎత్తండి, పక్కకు జరపండి, జోడు తీయక్కర్లేదు.

పెండ్లి మేకప్, హన్మకొండ:
మెరుపుకు ఒక్కటే వరుస, ఆడోళ్లకైనా మొగోళ్లకైనా: ముందు టిష్యూ, తర్వాత పౌడర్. కూలర్ ముందట కూసున్నా మే నెలల నుదురు ఊరుకోదు. టిష్యూ రెండు పొరలు విడదీసి ఒక్క పొరను నుదురు, ముక్కు, గడ్డం మీద ఒత్తి పట్టు, రుద్దకు. నూనె, చెమట పోయినంకనే కాంపాక్ట్, అది కూడ ఆ మూడు చోట్లనే. చెమట మీదనే పౌడర్ వేస్తే తడి పిండి లెక్క ముద్దయితది, ఇగ దాన్ని కడుక్కునుడే.

జగిత్యాల చెల్లె:
బొట్టుబిళ్ల సంగతి అక్కా? రాయిది పెడితే తెర మీద తెల్ల చుక్కే కనబడ్తుంది.

పెండ్లి మేకప్, హన్మకొండ:
రాయి లైటును తిప్పి కొడతది, అందుకే. మెరుపు లేని మెరూన్ మఖమల్ బిళ్ల పెట్టు. మరీ సన్నది వద్దు, 720ల మాయమైతది. పౌడర్ వేసినంక అతికించకు, జిగురు నిలువదు. ముందే ఆ చోటు తుడిచి అతికించి, చుట్టూ పౌడర్ అద్దు.