పైలట్‌లో బాగా నడిచిన పథకం రాష్ట్రమంతా పెట్టగానే ఎందుకు చతికిలపడుతుంది?

నట్టలమందు (ప్రశ్న):
నేను పశుసంవర్ధక శాఖలో, డివిజన్ స్థాయి ఆఫీసులో పనిచేస్తాను. ఏ జిల్లా అన్నది వదిలేయండి. మా దగ్గర మందుల ఇండెంట్ (ఏ మందు ఎంత కావాలో పైకి పంపే కోరిక పత్రం) ఇదివరకు కాగితం మీద ఉండేది, దాన్ని యాప్‌లోకి మార్చారు. ముందు ఒక మండలంలో పైలట్ పెట్టారు. ఆ మండలం జిల్లా కేంద్రాన్ని ఆనుకుని ఉంటుంది, సిగ్నల్ బాగుంటుంది, అక్కడి డాక్టరు గారికి ఇలాంటివంటే ఆసక్తి, పైగా పైనుంచి ఎవరో ఒకరు తరచూ వెళ్లి చూసేవాళ్లు. రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాత ఒక తేదీ వేసి అన్ని మండలాల్లో ఒకేసారి మొదలుపెట్టేశారు. ఇప్పుడు ఏజెన్సీ మండలాల్లో సిబ్బంది కాగితం మీద రాసుకుని, సిగ్నల్ ఉన్న చోటికి వచ్చాక మళ్లీ యాప్‌లో ఎక్కిస్తున్నారు. పని రెండింతలైంది. డ్యాష్‌బోర్డులో అంతా పచ్చగానే ఉంటుంది, గొర్రెలకు నట్టల మందు (కడుపులో పురుగులకు వేసేది) మాత్రం వానలు మొదలయ్యాక గానీ రావడం లేదు.

మా సీనియర్లు "డిజైన్ ముందే సరిగ్గా ఆలోచించి ఉండాల్సింది" అంటున్నారు. నాకు అది నిజమనిపించడం లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని ఎంత ఆలోచించినా ఈ సంగతులు తెలిసేవి కావు. కొంచెం చేసి, చూసి, మార్చి, మళ్లీ చేసే పద్ధతి ప్రభుత్వంలో సాధ్యమేనా? టెండర్లు, ఆడిట్, ఎన్నికలు అన్నీ ఉంటాయి కదా. మన దగ్గర నిజంగా అలా జరిగిన ఉదాహరణ ఏదైనా ఉంటే చెప్పండి.

పాతమండలాఫీసు:
ఉందండి, నేను దగ్గర నుంచి చూశాను కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్మార్ట్ కార్డులు. 2006లో ఉపాధి హామీ మొదలయ్యాక కూలి డబ్బులు పోస్టాఫీసు ద్వారా, పింఛన్లు పంచాయతీ వాళ్ల చేతుల మీదుగా వచ్చేవి. ఎంత రాసుకున్నారు, ఎంత ఇచ్చారు అన్నది అడిగే దిక్కు ఉండేది కాదు. దానికి వేలిముద్రల కార్డు తెచ్చారు. డబ్బు పంచే మనిషి అదే ఊళ్లో ఉండాలి, పొదుపు సంఘం మహిళ అయితే మంచిది, సర్పంచి బంధువు కాకూడదు అని నియమం పెట్టారు. నా దృష్టిలో మిషన్ కంటే ఈ నియమమే ముఖ్యం.

అయితే అది మొదటిసారే కుదరలేదు. జిల్లాకో బ్యాంకు అని పంచి ఇస్తే కొన్ని జిల్లాల్లో బ్యాంకులు పని దాదాపు మొదలే పెట్టలేదు. అలాంటి 8 జిల్లాలను (ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం) వేరే బ్యాంకులకు అప్పగించి 2010లో మళ్లీ మొదలుపెట్టారు. ఏ మండలంలో ముందు, ఏ మండలంలో తర్వాత అన్నది లాటరీలో తేల్చారు. మీ పైలట్‌కీ దానికీ తేడా ఇక్కడే ఉంది. మంచి మండలాన్ని ఏరుకోలేదు కాబట్టి సిగ్నల్ లేని ఊళ్లు, బ్యాంకు ముఖం చూడని ఊళ్లు కూడా లెక్కలోకి వచ్చాయి. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికశాస్త్ర పరిశోధకులు ఆ ఫలితాలు కొలిచారు. రెండేళ్ల తర్వాత కూడా చెల్లింపుల్లో సగమే కొత్త పద్ధతికి మారాయి. అలా సగం సగం అమలులోనే ఉపాధి కూలీల ఇళ్లకు చేరిన డబ్బు 24 శాతం పెరిగింది, మధ్యలో పోయేది దాదాపు 41 శాతం తగ్గింది, డబ్బు తీసుకోవడానికి పట్టే సమయం కూడా 22 నిమిషాలు తగ్గింది.

ఇంకో మాట, ఇది ఎవరూ పెద్దగా చెప్పరు. ఆ పథకం మధ్యలో ఆగిపోయే స్థితికి వచ్చింది. ఎందుకంటే పైకి చేరే ఫిర్యాదులన్నీ మధ్యలో తినే ఆదాయం పోయిన వాళ్లవి. గ్రామంలో పలుకుబడి ఉన్నవాళ్లు ఎమ్మెల్యే దాకా వెళ్లగలరు, పింఛను సరిగ్గా అందుతున్న ముసలమ్మ "నాకు బాగుంది" అని చెప్పడానికి ఎవరి దగ్గరికీ పోదు కదా. ఇంటింటికీ వెళ్లి అడిగితే కార్డు వాడుతున్నవాళ్లలో 90 శాతం పైగా కొత్త పద్ధతే మేలన్నారు. ఆ సర్వే ప్రభుత్వం ముందుకు రావడం వల్ల కూడా పథకం నిలబడింది. అందుకే మీరు ఏం మొదలుపెట్టినా, నోరు లేనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లి అడిగే ఏర్పాటు మొదటి రోజు నుంచే పెట్టుకోండి.

రేషన్‌లైన్:
ఇదంతా విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది, క్షమించండి. "ప్రయోగం చేద్దాం, నేర్చుకుందాం" అనడం ఆఫీసులో ఉన్నవాళ్లకు తేలిక. ప్రయోగం తప్పితే ఆ నెల బియ్యం పోయేది ఎవరికి? జార్ఖండ్‌లో రేషన్‌కి ఆధార్ వేలిముద్ర తప్పనిసరి చేశారు. అదే ముగ్గురు పరిశోధకులు అక్కడా చూశారు. తప్పనిసరి చేసినందువల్ల మొదట్లో దొంగతనం తగ్గిందీ లేదు, కార్డుకు ఆధార్ లింకు కాని ఇళ్లకు మాత్రం సరుకు తగ్గింది. టెక్నాలజీ దాదాపు ఒకటే, ఫలితం ఎంత దూరమో చూడండి. జనం మీద ప్రయోగం చేసే ముందు, వికటిస్తే వాళ్ల నష్టం ఎవరు భరిస్తారో జీఓలో రాయాలి.

పాతమండలాఫీసు:
మీ కోపం న్యాయమైనదే. ఆ తేడా ఎందుకొచ్చిందో కూడా చెప్పాలి. స్మార్ట్ కార్డుల దగ్గర కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు డబ్బు ఆపలేదు, పాత దారి తెరిచే ఉంచారు. దాని వల్ల కొంత దొంగతనం మిగిలిపోయిందని విమర్శించినవాళ్లున్నారు. ఉండనివ్వండి. ఎవరి కూలీ ఆగలేదు, అది నాకు ముఖ్యం. జార్ఖండ్‌లో పొదుపు లెక్క ముందుకొచ్చింది, మనిషి వెనక్కి పోయాడు.

ప్రజావేదిక:
నేను సామాజిక తనిఖీల్లో (ఉపాధి హామీ లెక్కలను ఊరి జనంతోనే సరిచూసే పని) తిరిగినవాణ్ణి. ప్రశ్న అడిగిన అన్నకు ఒక చిన్న సలహా. తనిఖీలు కూడా 2006లో కొద్ది చోట్ల మొదలై, చేసుకుంటూ పోతూ పద్ధతి కుదిరింది, ప్రత్యేక సంస్థ వచ్చింది 2009లో. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరికి కాకుండా పక్క ఊళ్లకు పంపేవాళ్లం. మస్టర్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటి ముందు నిలబడి "అమ్మా, ఈ వారం నువ్వు పనికి వెళ్లావా?" అని చదివి వినిపించడమే పని. ఆ తర్వాత మండలంలో అందరి ముందూ ఆ తప్పులు చదివి విచారించే సభ, అదే ప్రజావేదిక. తప్పులు బాగా బయటపడేవి. తిన్న సొమ్ము తిరిగి రాబట్టడం మాత్రం చాలా కష్టమైంది, ఎందుకంటే కనిపెట్టే అధికారం మాది, చర్య తీసుకునే అధికారం వేరే వాళ్లది. మీకూ ఇదే ఎదురవుతుంది. లోపం చూసిన మనిషికి దాన్ని మార్చే అధికారం లేకపోతే ఎన్ని సార్లు చేసి చూసినా రిపోర్టులే మిగులుతాయి. ముందు మీ జేడీ (జాయింట్ డైరెక్టర్) గారిని ఒప్పించి, రెండు మూడు మండలాల్లో నియమాలు మార్చుకునే స్వేచ్ఛ రాతపూర్వకంగా తెచ్చుకోండి, ఆడిట్ వాళ్లు అడిగినా ఆ కాగితం చూపించవచ్చు. మండలాల్లో ఒకటి కచ్చితంగా ఏజెన్సీది ఉండాలి.

ఇంకా, "యాప్ ఎందుకు వాడటం లేదు" అని మొదలుపెట్టకండి అన్నా. "నట్టల మందు వానలకు ముందే మంద దగ్గరికి ఎందుకు చేరడం లేదు" అని మొదలుపెట్టండి. ఇండెంట్ ఎప్పుడు పెట్టారు, ఎవరి టేబుల్ మీద ఎన్నాళ్లు ఉంది, స్టోర్ నుంచి బండి ఎప్పుడు కదిలింది, ఇవి వెతికితే అడ్డం యాప్‌లో ఉండకపోవచ్చు కూడా.

నట్టలమందు:
అందరికీ చాలా థాంక్స్. ప్రజావేదిక అన్న చెప్పినట్టు పోయిన సీజన్ కాగితాలు తీసి చూశాను, ఒక ఏజెన్సీ మండలానివి మాత్రమే. ఇండెంట్ ఆలస్యం కాలేదు, యాప్‌లో సమయానికే పడింది. మందు జిల్లా స్టోర్‌కి వచ్చాక రవాణా బిల్లు ఎవరు భరించాలో తేలక అక్కడే ఆగింది. ఆ మండలం వాళ్లు సొంత బండి కట్టించుకుని తెచ్చుకునే సరికి వానలు పడ్డాయి. మూడు మండలాలకు రవాణా ఖర్చు ఆసుపత్రి స్థాయిలోనే పెట్టుకునేలా అనుమతి అడుగుతూ నోట్ రాస్తున్నాను. గొర్రెల కాపరులను అడగడానికి ఎవరిని పంపితే నిజం చెబుతారు? మా సిబ్బంది వెళితే "అంతా బాగానే ఉంది సార్" అనే అంటారు.

ప్రజావేదిక:
మీ సిబ్బందిని అసలు పంపొద్దు. పక్క మండలంలో గొర్రెల కాపరుల ఇళ్ల పిల్లలు, ఇంటర్ చదివినవాళ్లు దొరుకుతారు, వాళ్లకు రోజు కూలీ ఇచ్చి పంపండి. పొద్దున మంద తోలుకుపోక ముందే వెళ్లాలి, లేదా రాత్రి దొడ్డి దగ్గరికి. మధ్యాహ్నం వెళితే ఇంట్లో ఎవరూ ఉండరు.