లాగిన్‌లో అప్పుడప్పుడు ‘స్టేట్ మిస్‌మ్యాచ్’ వస్తోంది, ఆ చెక్ తీసేయవచ్చా?

ప్రశ్న: మూడు వెబ్ అప్లికేషన్లకు కలిపి ఒకే లాగిన్ ఉండాలని ఓపెన్ఐడి కనెక్ట్ (యూజర్‌ని వేరే లాగిన్ సర్వర్‌కి పంపి లాగిన్ చేయించే పద్ధతి) పెట్టాం. చాలామందికి బాగానే నడుస్తోంది. కొందరికి మాత్రం పాస్‌వర్డ్, ఓటీపీ అయ్యి వెనక్కి రాగానే ‘స్టేట్ మిస్‌మ్యాచ్’ అంటోంది. మళ్లీ నొక్కితే లోపలికి వెళ్లిపోతున్నారు. టీమ్‌లో ఒకరు ఆ చెక్‌ని కామెంట్ చేస్తే ఎర్రర్ పోయింది. లైవ్‌లో అలాగే పెట్టేయవచ్చా? చాలా టెన్షన్‌గా ఉందండి.

జవాబు: దయచేసి పెట్టకండి. దాడి చేసేవాడు తన ఖాతాతో లాగిన్ మొదలుపెట్టి, చివర్లో కోడ్‌తో వచ్చే లింకును మీ యూజర్‌కి పంపాడనుకోండి. స్టేట్ (లాగిన్ మొదలైనప్పుడు మీ అప్లికేషన్ బ్రౌజర్ కుకీలో దాచి, లాగిన్ సర్వర్‌కూ పంపే గుర్తు; జవాబుతో పాటు తిరిగొస్తుంది) చూడకపోతే, మీ యూజర్ ఆ లింకు నొక్కి తెలియకుండానే వాడి ఖాతాలోకి వెళ్తారు. ఆ తర్వాత ఎక్కించే ఫైళ్లన్నీ వాడి చేతికే పోతాయి. ఈ లాగిన్ మొదలైంది ఈ బ్రౌజర్‌లోనేనా అని చూడటానికే స్టేట్ ఉంది.

స్టేట్‌ని ఒకే పేరుతో దాస్తున్నారా? అలాగైతే రెండు ట్యాబుల్లో లాగిన్ తెరిచినప్పుడు రెండోది మొదటిదాన్ని చెరిపేస్తుంది.

ప్రశ్న: ట్యాబుల సంగతి చూశాం, అది కాదు. ఎర్రర్ వచ్చినవాళ్లంతా క్రోమ్ వాడేవాళ్లే, ఓటీపీ ఆలస్యంగా వచ్చిందన్నవాళ్లే. లాగిన్ సర్వర్ జవాబు మాకు ఫామ్ పోస్ట్‌గా (బ్రౌజర్ పంపే ఫామ్ రూపంలో) వస్తుంది. స్టేట్ దాచే కుకీలో సేమ్‌సైట్ (వేరే సైటు నుంచి వచ్చేటప్పుడు కుకీ రావాలా వద్దా అని చెప్పే సెట్టింగ్) ఏమీ రాయలేదు.

జవాబు: దొరికిందండి! సేమ్‌సైట్ రాయని కుకీని క్రోమ్ ల్యాక్స్‌గా తీసుకుంటుంది. ల్యాక్స్ కుకీ వేరే సైటు నుంచి వచ్చే పోస్ట్‌తో పాటు రాదు. అయితే సేమ్‌సైట్ రాయని కుకీకి మాత్రం, పెట్టి 2 నిమిషాలు దాటనంతవరకు మినహాయింపు ఉంది. ఓటీపీ కోసం ఆగినవాళ్లకు ఆ గడువు దాటిపోయి కుకీ రావడం లేదు. రెండోసారి లాగిన్ సర్వర్ వాళ్లని పాస్‌వర్డ్ అడగదు కాబట్టి క్షణాల్లో తిరిగొస్తున్నారు, పని అవుతోంది.

నేనైతే జవాబును ఫామ్ పోస్ట్‌గా కాకుండా మామూలు రీడైరెక్ట్‌లో, ఆథరైజేషన్ కోడ్‌గా (తర్వాత టోకెన్‌గా మార్చుకునే కోడ్) రప్పించుకుంటాను, పీకేసీఈ (ఆ కోడ్‌ని దొంగిలించినా వాడలేకుండా చేసే రక్షణ) జోడించి. రీడైరెక్ట్‌తో ల్యాక్స్ కుకీ వస్తుంది కాబట్టి, అప్పుడు కుకీకి ల్యాక్స్, సెక్యూర్ (హెచ్‌టీటీపీఎస్‌లోనే వెళ్లేలా), హెచ్‌టీటీపీఓన్లీ (పేజీలోని స్క్రిప్టు చదవలేకుండా) పెట్టండి. ఫామ్ పోస్ట్ ఉంచి కుకీకి ల్యాక్స్ అని మాత్రం రాయకండి, కొందరికి వస్తున్న ఎర్రర్ అందరికీ వస్తుంది. పోస్ట్ తప్పదంటే, స్టేట్ దాచే ఆ ఒక్క తాత్కాలిక కుకీకే సేమ్‌సైట్ నన్ (వేరే సైటు నుంచి వచ్చినా కుకీ వచ్చేలా), సెక్యూర్ పెట్టి, పది నిమిషాల్లో గడువు తీరేలా చూడండి.

ప్రశ్న: రీడైరెక్ట్‌కి మార్చాం, ఎర్రర్ ఆగింది. చెక్ మళ్లీ పెట్టేశాం. ఐడీ టోకెన్ (లాగిన్ అయింది ఎవరో చెబుతూ లాగిన్ సర్వర్ ఇచ్చేది) సంతకం కూడా సరిచూస్తున్నాం. అది చాలా?

జవాబు: చాలదండి. మీ మూడు అప్లికేషన్ల టోకెన్ల మీదా అదే సర్వర్ సంతకం ఉంటుంది. ఆడియన్స్ (టోకెన్ ఏ అప్లికేషన్ కోసం ఇచ్చారన్నది) చూడకపోతే ఒకదానికిచ్చిన టోకెన్‌తో ఇంకోదాంట్లోకి దూరవచ్చు. ఇచ్చిందెవరు, గడువు ఉందా, నాన్స్ (లాగిన్ మొదట్లో మీరు పంపితే టోకెన్‌లో తిరిగొచ్చే గుర్తు) మీరు పంపిందేనా అన్నవి కూడా చూడాలి. వీటిని చేత్తో రాయకండి, బాగా వాడుకలో ఉన్న లైబ్రరీకే వదిలేయండి.

యూజర్‌ని ఈమెయిల్‌తో గుర్తిస్తున్నారేమో చూసుకోండి. ఈమెయిల్ మారవచ్చు, ఒకరు వెళ్లిపోయాక అదే చిరునామా ఇంకొకరికి ఇవ్వవచ్చు. కొత్తగా వచ్చినవారికి పాతవారి డేటా కనిపించడం నేను కళ్లారా చూశాను. డేటాబేస్‌లో ఇష్యూయర్ (టోకెన్ ఇచ్చిన సర్వర్), సబ్జెక్ట్ (ఆ సర్వర్ యూజర్‌కి ఇచ్చిన మారని గుర్తింపు) రెండూ కలిపి కీగా పెట్టండి.