ఉపవాసంలో టీ3 పడిపోవడం: సర్దుబాటా, హెచ్చరికా?

పరగడుపు:
మూడు రోజులు నీళ్ల మీదే ఉండి రక్తపరీక్ష చేయించుకున్నాను. థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ మామూలే, థైరాయిడ్ హార్మోన్ టీ3 మాత్రం తగ్గింది. థైరాయిడ్ చెడిందని ఇంట్లో ఒకటే కంగారు. నేనైతే ఒప్పుకోను. తిండి ఆగితే ఇన్సులిన్ దిగి, నిల్వలను బయటికి తీయించే హార్మోన్ గ్లూకగాన్‌ది పైచేయి అవుతుంది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) సుమారు ఒక రోజులో అడుగంటుతుంది. ఇన్సులిన్ పట్టు సడలగానే కొవ్వు కరిగి కాలేయానికి చేరుతుంది, అక్కడ కీటోన్లు అనే ఇంధనమవుతుంది. టీ3కి ముడిసరుకైన టీ4ను, పనిచేయని రూపమైన రివర్స్ టీ3 వైపు మళ్లించి ఒళ్లు ఖర్చు తగ్గించుకుంటుంది. ఇందులో రోగం ఎక్కడుంది?

చిరుగాలి:
ఉపవాసంలో మెటబాలిజం, అంటే ఒళ్లు శక్తి ఖర్చుచేసే వేగం, పెరుగుతుందంటారే?

పరగడుపు:
మొదటి రెండు మూడు రోజులు ఒంటిని ఉత్తేజపరిచే నార్‌ఎడ్రినలిన్ హార్మోన్ వల్ల కాస్త పెరగొచ్చు. తర్వాత దిగుతుంది.

వేకువపిట్ట:
నాలుగు నెలలు కీటో (పిండిపదార్థాలు బాగా తగ్గించిన తిండి), పైగా రోజు విడిచి రోజు ఉపవాసం చేశాను. దువ్వెన నిండా జుట్టే. ఎండలో కూర్చున్నా చలి. నెలసరి ఆగింది. నా కోచ్ మాత్రం "ఒళ్లు అలవాటు పడుతోంది, ఓపిక పట్టండి" అన్నాడు. మీ మాటా అచ్చం అలాగే ఉంది.

పరగడుపు:
జుట్టు రాలడానికి సవాలక్ష కారణాలండీ, టీ3 మీదకి తోసేయకండి. ఉపవాసంలో ఉన్నవాళ్లకు టీ3 ఇచ్చి చూస్తే మూత్రంలో నైట్రోజన్ ఎక్కువ పోయింది. అంటే కండ కరిగింది. టీ3 తగ్గడం కండను కాపాడుతోందన్నమాట. దీర్ఘ ఉపవాసంలో మెదడు కీటోన్లతో నడవగలదని అమెరికా పరిశోధకుడు కాహిల్ బృందం 1967లోనే చూపింది.

లెక్కతప్పదు:
ఆ కాహిల్ అధ్యయనంలో ఉన్నది ముగ్గురే. ముగ్గురూ ఊబకాయులు, వైద్యుల కళ్లెదుటే ఉన్నారు. సన్నగా ఉన్నవాళ్లకు ఆ లెక్క కట్టకండి.

పరగడుపు:
టీ3 గురించి నేనన్నది తప్పా ఒప్పా, అది చెప్పండి ముందు.

వేకువపిట్ట:
మళ్లీ టీ3యేనా! నెలసరి గురించి ఒక్క ముక్క రాశారా మీరు? తిండి చాలకపోతే కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ హార్మోన్ తగ్గుతుంది, అండాశయాలకు మెదడు పంపే సంకేతాలు మందగిస్తాయి. అదీ సర్దుబాటే! ఈస్ట్రోజెన్ లేక ఎముక పలచబడితే ఆ నష్టం ఎవరిది? ఒళ్లు సర్దుకోవడం లేదని నేననలేదు. సర్దుకుంటోంది కాబట్టి క్షేమమే అంటున్నారే, అక్కడ మండుతోంది నాకు.

పరగడుపు:
క్షేమమనలేదు, రోగం కాదన్నాను.

వేకువపిట్ట:
ఎప్పుడు ఆపాలో రాశారా మరి?

పరగడుపు:
రాయలేదు, నా తప్పే. నాది మూడు రోజుల మాట, మీది నాలుగు నెలల బాధ. కానీ ఉపవాసంలో టీ3 ఒక్కటే తగ్గిందని థైరాయిడ్ మాత్ర మింగడం తప్పే. ఆ మాట మీదే ఉన్నాను.

చిరుగాలి:
ఇన్సులిన్ వేసుకునేవాళ్ల సంగతి?

లెక్కతప్పదు:
డాక్టరును అడగకుండా వద్దే వద్దు. ఉపవాసంలో కీటోన్లకు కళ్లెం వేసేది ఒంట్లో మిగిలే కాస్త ఇన్సులినే. టైప్ 1 మధుమేహంలో అదీ లేకపోతే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారుతుంది (కీటోయాసిడోసిస్), ప్రాణాల మీదకొస్తుంది.

వేకువపిట్ట:
మాత్ర విషయంలో నాదీ మీ మాటే. ఉపవాసాలు మానేసి తిండి పెంచాక ఐదు నెలలకు నెలసరి తిరిగొచ్చింది. ఆ కోచ్‌కి రాశాను. ఇప్పటికీ జవాబు లేదు.