డిమైజ్‌కీ డివైజ్‌కీ తేడా ఏంటి? కొంచెం అర్జెంటు

పర్లాకిమిడి నుంచి:
పొద్దున్నుంచి ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోయాను, తల వాచిపోయింది. డిమైజ్ అంటే చావే కదా? ఫోన్లో ఎందులో వెతికినా మరణం అనే వస్తోంది. కానీ ఇక్కడ రాసినాయనే స్వయంగా "డిమైజ్ చేస్తున్నాను" అంటున్నాడు, ఎవరైనా తన చావు తనే రాసుకుంటారా? డివైజ్ అనబోయి వి బదులు ఎమ్ పడిందా? పైగా ఒకావిడ పేరు పక్కన రెలిక్ట్ అని ఉంది, అది చూస్తే పురాతన వస్తువు అంటోంది. సాయంత్రానికి తెలుగులో రాసివ్వాలి, తొందరగా చెప్పండి.

జయపురం నుంచి:
ఏ కాగితం? ఏ సంవత్సరం? వాక్యం మొత్తం పెట్టండి.

గుణుపురం మాస్టారు:
బాబూ, ఇంగ్లీషులో ఒకే మాట రెండు స్పెల్లింగులుగా చీలి, అర్థాలు కూడా పంచుకున్నవి చాలా ఉన్నాయి. పువ్వుకి వాడే ఫ్లవర్, పిండికి వాడే ఫ్లోర్ ఒకప్పుడు ఒకటే. గోధుమలు విసిరి జల్లించాక దిగే మేలురకం పిండిని పువ్వు అన్నారు, 1755లో వచ్చిన జాన్సన్ నిఘంటువులో కూడా పిండికి వేరే స్పెల్లింగు లేదు. లోహం అనే మెటల్, గుండెదిటవు అనే మెటిల్ కూడా అంతే. డిస్క్రీట్ తీసుకోండి, రెండు ఇ-లు పక్కపక్కన ఉంటే గుట్టు నిలిపే మనిషి, వాటి మధ్య టి వస్తే విడివిడిగా ఉన్నవి. ఈ చరిత్ర చెప్పకుండా జతలు జతలుగా బట్టీ పట్టిస్తున్నారు కాబట్టే పిల్లలు పరీక్షలో తారుమారు చేస్తున్నారు.

పర్లాకిమిడి నుంచి:
మాస్టారూ, పిండి సంగతి తర్వాత చూద్దాం. ఇది 1931 నాటి దస్తావేజు, మా ముత్తాతగారికి ఇల్లు, తోట అమ్మిన కాగితం. పాతదని చెప్పక్కర్లేదు అనుకున్నా, అప్పట్లో మాది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా కదా.

బరంపురం వకీలు:
సంవత్సరం ముందే చెప్పాల్సింది తమ్ముడూ, అంతా అక్కడే ఉంది. స్పెల్లింగు తప్పేం లేదు. డిమైజ్‌కి అసలు అర్థం ఆస్తిహక్కు ఇంకొకరి చేతికి మార్చడం. రాజు పోతే కిరీటం వారసుడికి మారేది, దాన్నీ డిమైజ్ అనేవారు, ఆ దారిలోనే చావు అనే అర్థం వచ్చి ఇప్పుడు అదొక్కటే వాడుకలో మిగిలింది. దస్తావేజుల్లో మాత్రం ఇన్నేళ్ళకని లీజుకివ్వడానికే ఎక్కువగా రాసేవారు. డివైజ్ వేరు, వీలునామాలో స్థిరాస్తి రాసివ్వడం. చేతిలో పట్టుకునే డివైజ్‌కి సి రాస్తాం, దీనికి ఎస్. రెలిక్ట్ అంటే భర్త పోయి మిగిలిన భార్య, ఫలానావారి వితంతువు అని రాసుకోండి. టి లేని రెలిక్ దానికి దాయాది మాటే, రెండూ "విడిచిపోవడం" అనే లాటిన్ క్రియలోంచే వచ్చాయి.
ఇంతకీ అది అమ్మిన కాగితమని ఎవరు చెప్పారు? కింద ఎన్నేళ్ళు అనీ, ఏటా ఇంత అనీ ఉందా?

పర్లాకిమిడి నుంచి:
ఇంట్లో అందరూ అమ్మకమనే అంటారు. 99 ఏళ్ళు అని ఉంది, ఏడాదికి 12 రూపాయలు.

బరంపురం వకీలు:
అయితే అది లీజు. 2030తో గడువు తీరుతుంది. తెలుగులో రాసివ్వడం అటుంచి ముందు అసలు కాగితం పట్టుకుని సివిల్ వకీలు దగ్గరికి వెళ్ళండి. ఆ తర్వాత విక్రయపత్రం ఏదైనా రాసుకున్నారేమో పాత రిజిస్ట్రేషన్ నకళ్ళలో వెతికించండి. పంపకాలు ఉంటే అప్పటిదాకా ఎవరూ సంతకం పెట్టకండి.

రాయగడ నుంచి:
తెలుగులో కౌలు అని రాస్తే సరిపోతుంది.

గుణుపురం మాస్టారు:
కౌలు పొలానికండీ. ఇల్లు కలిసిన తోటని కౌలు అంటే చదివినవాడు వ్యవసాయ భూమి అనుకుంటాడు.

రాయగడ నుంచి:
మా వైపు తోటలక్కూడా కౌలే అంటాం. మామిడితోట కౌలుకిచ్చాం అనరా?

గుణుపురం మాస్టారు:
అది కాపు మీద ఇచ్చేది, నేల మీద హక్కు కాదు.

జయపురం నుంచి:
లీజు అని రాయండి, అందరికీ తెలుసు.

పర్లాకిమిడి నుంచి:
సరేనండి, థాంక్స్. చిన్నాన్నకి ఫోన్ చేయాలి.

గుణుపురం మాస్టారు:
బాబూ, ఆ కాగితంలో తేదీ పక్కన ఇన్‌స్టంట్ అని ఉంటే కంగారు పడకు, అదే నెల అని అర్థం. అల్టిమో అని ఉంటే కిందటి నెల.